తలుపు తగిలిందన్నాను

మిర్చి బస్తా బండి మీద కడుతున్నప్పుడు నేను ఊరుకుని ఉంటే సరిపోయేది. నా కొడుకు బెన్నీ పెట్రోలు సీసా కోసం దుకాణానికి పోయాడు. కోడలు స్తుతి, పాత సైకిల్ ట్యూబు చీల్చిన పట్టీతో బస్తాను కట్టేసింది. కట్టు గట్టిగానే ఉంది. నాకే మనసొప్పలేదు. అడవి దారిలో బస్తా జారితే, బండి పడితే, వెనక లారీ వస్తే... నా బుర్ర ఎప్పుడూ లారీ దాకా పోయి గానీ ఆగదు. విప్పించి ఇంకో చుట్టు వేయమన్నాను. అదీ చాలదని నేనే కొస పట్టుకుని గుంజాను. అది నా చేతిలోంచి జారింది. ముడి వేసి ఉన్న ఆ కొస సర్రున పోయి స్తుతి కుడికన్నుకు తగిలింది.

బెన్నీ వచ్చి ఏమైందని అడిగితే, తలుపు తగిలిందన్నాను. నా భయాలతో వాడు అప్పటికే విసిగిపోయి ఉన్నాడు. స్తుతి కన్ను మూసుకుని నిలబడింది.

ఖమ్మంలో కంటి డాక్టరమ్మ చూసి, కన్ను లోపల రక్తం చేరిందనీ, అది కరిగితే గానీ చూపు సంగతి చెప్పలేననీ అంది. నేను ప్రార్థన మొదలుపెట్టాను. దెబ్బ ఎలా తగిలిందని ఆమె అడిగితే, ఆ నోటితోనే మళ్లీ తలుపన్నాను.

నర్సు ముఖం మారింది. స్తుతిని పక్కకు పిలిచి అడిగింది. స్తుతి నా వైపు ఒకసారి చూసి తల దించుకుంది. నర్సు నేరుగా బయట ఉన్న బెన్నీ దగ్గరకు పోయింది.

"ఇక్కడికొచ్చే ఆడోళ్లందరికీ తలుపులే తగుల్తయి తమ్మీ. మీ ఇంట్ల తలుపుకు చేతులున్నయా?"

బెంచీల మీది వాళ్లంతా వాడి చేతులు చూశారు. వాడూ చూసుకున్నాడు. పెళ్లాన్ని ఏనాడూ గట్టిగా ఒక మాట అనని పిల్లవాడు. తాను ఇంట్లో లేనని గొణిగాడు. రోజూ వినే మాటే అన్నట్టు నర్సు తల ఊపి, పోలీసులకు చెప్పాల్సి వస్తుందంది.

గోడ పట్టుకుని లేచి వాళ్ల దగ్గరకు పోయాను.

"వాడు కాదమ్మా, నేనే. రబ్బరు పట్టీ గుంజుతుంటే నా చేతులకెళ్లి జారింది. చెప్పనీకి సిగ్గయి తలుపన్న."

డాక్టరమ్మ మళ్లీ వచ్చింది. రబ్బరు దెబ్బైతే కంటి వెనక పొర కూడా చూడాలనీ, ముందే చెప్పి ఉండాల్సిందనీ అంది. అంతకుమించి నన్నేమీ అనలేదు. అంటే బాగుండేది.

బెన్నీ కూడా అనలేదు. మంచం దగ్గరకు వెళ్లి, నువ్వన్నా ఎందుకు చెప్పలేదని స్తుతిని అడిగాడు.

"అత్తమ్మ చెప్తదని చూసిన," అంది స్తుతి.

తల ఎత్తుగా పెట్టి పడుకోబెట్టమన్నారు. దుప్పటి మడిచి ఆమె తల కింద సర్దాను. బాగున్న కన్నుతో ఆమె నన్నే చూస్తోంది. నేను దుప్పటి మడతలనే సర్దుతూ ఉండిపోయాను.