ప్రింటరు వెనక గోడ

నేను ఒక థర్మోస్టాట్‌ని. అరచేతిలో ఇమిడే తెల్ల పెట్టెను. నన్ను తాకిన గాలి వేడిగా ఉంటే ఏసీని నడిపిస్తాను, చల్లబడితే ఆపుతాను. ఫ్యాక్టరీలో నన్ను తయారుచేసినవాళ్లు అంతకుమించి ఏమీ నేర్పలేదు. గదిలో అవతలి మూల ఎలా ఉందో నాకు తెలిసే దారి లేదు. నా దిగులంతా అదే.

కాకినాడలో అంబులెన్సులు పంపే ఒక ఆఫీసుకు నన్ను తెచ్చారు. మేనేజరు సత్యానందం గారు మంచి మనిషే కానీ, గోడ మీద వైర్లు కనబడితే సహించలేరు.

"ఆ ప్రింటరు వెనకాల పెట్టేయండి, కనపడదు" అన్నారు. కరెంటు ఆదా కోసం ఎవరూ మీటలు నొక్కకుండా నా మీద మూత పెట్టి తాళం కూడా వేయించారు.

ప్రింటరు రోజంతా వేడిగాలి నా మొహాన వదిలేది. గది ఉడికిపోతోందనుకుని నేను ఏసీని ఆగనిచ్చేదాన్ని కాదు. ఆ చలిగాలంతా ఫోన్లు ఎత్తే ప్రసూన నెత్తిన పడేది. ఆ అమ్మాయికి ఉబ్బసం.

"చలికి ఊపిరి అందట్లేదు సార్" అనేది.

"అందరికీ ఒకే చల్లదనమేగామ్మా" అనేవారాయన. ఆమె దగ్గు నాకు వినబడుతూనే ఉండేది. దగ్గును కొలిచే విద్య నాకు లేదు.

ఒక మధ్యాహ్నం జగన్నాథపురం నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. భర్త గుండె పట్టుకుని కూలబడిపోయాడట. "ఏ వీధమ్మా? ఏ..." అంటుండగానే ప్రసూనకు ఊపిరాడలేదు. అవతల ఆవిడ "హలో, హలో" అని ఏడుస్తోంది. పక్క సీటు ఇలియాజ్ ఫోను లాక్కుని అడ్రసు కనుక్కున్నాడు. ఒక బండి అటు పరుగెత్తింది. ఇంకో బండిలో ప్రసూనను ఆసుపత్రికి తీసుకెళ్లారు.

అంత గొడవలోనూ నేను ఏసీని నడుపుతూనే ఉన్నాను.

సాయంత్రం సత్యానందం గారు ఆమె కుర్చీలో కూర్చున్నారు. కాసేపటికే చేతులు చంకల్లో దోపుకున్నారు. లేచి నా దగ్గరకొచ్చి గోడ మీద చెయ్యి వేశారు.

"ఇలియాజూ, ఇలా రావయ్యా. అక్కడ గడ్డకట్టుకుపోతున్నాం, ఇక్కడ గోడ కాలుతోంది" అన్నారు. "ఇక్కడ పెట్టించింది నేనే."

మర్నాడు నన్ను ఊడదీసి గది మధ్య స్తంభానికి బిగించారు, ప్రింటరుకూ కిటికీ ఎండకూ ఏసీ గాలికీ దూరంగా. తాళం తీసేశారు. ఏసీకి విశ్రాంతి దొరికింది, కరెంటు ఖర్చూ తగ్గింది. జగన్నాథపురం ఆయన బతికాడని ఇలియాజ్ చెప్పాడు. ప్రసూన కుర్చీ మాత్రం ఖాళీగానే ఉంది. ఆమె సంగతి ఎవరూ ఎత్తేవారు కాదు.

చివరికి ఒక ఉదయం ఆమె వచ్చి కూర్చుంది, కాస్త చిక్కిపోయి. వెంటనే ఫోను మోగింది. గదిలో అందరూ అటే చూశారు. ఆమె ఎత్తి, అవతలివాళ్ల ఏడుపు వింది.

"భయపడకండమ్మా, నేనున్నాను. ముందు గట్టిగా ఊపిరి పీల్చుకోండి. ఇప్పుడు నెమ్మదిగా చెప్పండి."