జబ్బకు కట్టిన రూపాయి

సబా ఖాలా మా అమ్మకు ఒక్కతే చెల్లెలు. పెళ్లయి మా బందరు నుంచి కరాచీ వెళ్లే రోజున గుడివాడ స్టేషన్‌లో, రైలు కదలబోయే ముందు, అమ్మ ఆమె కుడి జబ్బకు ఇమామ్ జామిన్ కట్టింది. దూరప్రయాణమయ్యే మనిషికి ఆకుపచ్చ గుడ్డలో రూపాయి బిళ్ల చుట్టి కట్టడం మా ఇళ్లలో ఆనవాయితీ. క్షేమంగా చేరాక ముడి విప్పి ఆ రూపాయి బీదవాళ్లకి ఇచ్చెయ్యాలి. ఖాలా ఇవ్వలేదు.

"నేనింకా చేరలేదు ఆపా. తిరిగి బందరొచ్చిన రోజే నా ప్రయాణం అయినట్టు" అనేది ఫోనులో అక్కతో. అమ్మ తిట్టేది. తిడుతూనే మురిసిపోయేది.

నేను రెండో క్లాసులో ఉండగా ఒక్కసారి వచ్చింది. అప్పుడూ తిరిగి వెళ్లేదానికే వచ్చింది కాబట్టి ముడి విప్పలేదు. అమ్మమ్మ పోయినప్పుడు వీసా రాలేదు. ఆ తర్వాత భర్త ఉద్యోగం మీద సింగపూర్ వెళ్లి అక్కడ పర్మనెంట్ రెసిడెంట్ అయింది. పాస్‌పోర్టు మాత్రం పాకిస్తాన్‌దే. ఈలోగా అమ్మకి కిడ్నీలు పాడయ్యాయి. రోజు విడిచి రోజు డయాలసిస్. ఆమె విమానమెక్కి సింగపూర్ వెళ్లే మాట లేదు.

అలాంటి రోజుల్లో ఖాలా ఫోన్ చేసింది. సింగపూర్ నుంచి బయల్దేరే క్రూయిజ్ ఒకటి విశాఖపట్నంలో ఆగి, చెన్నై మీదుగా కొలంబో వెళ్తుందట. ఒక మధ్యాహ్నం వచ్చి మర్నాడు సాయంత్రం దాకా విశాఖలోనే ఉంటుందట.

"ఒక్క పూట నీ దగ్గర కూర్చుంటే చాలు. విశాఖ దాకా రాగలవా ఆపా?"

"పాక్కుంటూ అయినా వస్తానే" అంది అమ్మ.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని కాబట్టి ఇంగ్లీషులో ఏదొచ్చినా నా చేతిలో పెడతారు. ఓడ కంపెనీ షరతులు రెండుసార్లు చదివి ఖాలాకి ఫోన్ చేశాను.

"ఖాలా, మీ పీఆర్ కార్డు సింగపూర్‌లో ఉండటానికి. ఇక్కడ దిగాలంటే చూసేది పాస్‌పోర్టు. దానికి ఇండియా వీసా ఉండాలి."

"ఏజెంటుని అడిగానే జోయా. సింగపూర్ రెసిడెంట్లకి ఫర్వాలేదన్నాడు."

"ఆ మాట రాసిమ్మనండి."

"అబ్బో! ఆపా, నీ కూతురు కలెక్టరైపోయిందే!"

అమ్మ నవ్వి ఫోను లాక్కుంది. మా తాత బందరు రేవులో లాంచీ నడిపేవాడు. పెద్ద ఓడలు దూరంగా సముద్రంలోనే లంగరు వేస్తే, వాటిలోని మనుషుల్ని ఒడ్డుకు చేర్చేవాడు. అక్కాచెల్లెళ్లిద్దరూ ఆ కబుర్లు వింటూ పెరిగారు.

"ఏ దేశం వాళ్లో వచ్చి, కోనేరు సెంటర్లో టీ తాగి, చీరలు కొనుక్కుని పోయేవారు. నువ్వెవరివని ఎవరడిగారు? ఓడ మీద వచ్చినవాడు అతిథి అనేవారు మా నాన్న" అంది అమ్మ.

"వాళ్లు ఓడలో పనిచేసేవాళ్లు అమ్మీ. వాళ్లకి విడిగా పాసు ఉండేది. ఖాలా టికెట్టు కొన్న ప్యాసింజరు."

"డబ్బు కట్టిన మనిషికి ఇంకా మర్యాద ఎక్కువే కదే!"

తాత మాట మీద మా ఇంట్లో మరో మాట లేదు. పైగా సింగపూర్ రేవు కౌంటర్లో ఆమె కార్డు చూసి ఓడ ఎక్కనిచ్చారు. దాంతో నాకూ ధైర్యం వచ్చింది.

ప్రయాణం రోజు పొద్దున డయాలసిస్ చేసింది ఆస్పత్రి టెక్నీషియన్ విల్సన్. కోడూరు కుర్రాడు, అమ్మని సొంత మనిషిలా చూసుకుంటాడు.

"చెల్లెలుగారిని చూసిన సంబరంలో నీళ్లు ఎక్కువ తాగేరు అమ్మగారూ. గ్లాసుడే, గుర్తుంచుకోండి."

"ఏడవడానికైనా కాసిని ఉండొద్దుటయ్యా" అంది అమ్మ. అందరం నవ్వాం.

సాయంత్రం బందరులో విశాఖ రైలెక్కాం. అమ్మ ఒళ్లో సంచి, సంచిలో ఖాలా కోసం దంచిన ఎండురొయ్యల పొడి. రైలు గుడివాడలో ఆగి ఉండగా ఫోన్ మోగింది.

"ఆపా, దిగనివ్వలేదు."

అమ్మకి అర్థం కాక ఫోను నాకిచ్చింది. ఆఫీసర్లు ఓడలోకి వచ్చారట. మర్యాదగానే మాట్లాడారట. "ఈ కార్డు సింగపూర్‌దమ్మా, మీ పాస్‌పోర్టు మీద మా వీసా ఏది?" అని అడిగారట. ఓడ ఇండియా దాటేదాకా కింద కాలు పెట్టడానికి లేదు. మేం రేవులోకి వెళ్లడానికి పాసులు లేవు. గేటు బయట నిలబడితే ఓడ కూడా కనబడదట. చెప్తూ చెప్తూ ఖాలా చిన్నపిల్లలా వెక్కింది.

నేనన్నదే జరిగింది. జరక్కుండా ఉంటే బాగుండేది.

"దిగు" అంది అమ్మ. రైలు వెళ్లిపోయింది. అమ్మ ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుంది. "ఇక్కడే కట్టాను దానికి" అంది. బందరు రైలెక్కి ఇంటికి వచ్చేశాం.

మర్నాడు సంగతి తెలిసి విల్సన్ ఇంటికే వచ్చాడు.

"ఇవాళ సాయంత్రం విశాఖలో బయల్దేరే ఓడ రేపు తెల్లారేసరికి మా దివిసీమ ముందునుంచే చెన్నై పోవాలండీ. పాలకాయతిప్ప దగ్గర నేల సముద్రంలోకి చొచ్చుకుపోయి ఉంటుంది. మనవైపు ఓడ దారికి అంతకన్నా దగ్గర చోటు ఇంకోటి లేదు. కారు నేను మాట్లాడతాను."

చల్లపల్లి, అవనిగడ్డ దాటి, వెలుగు వచ్చేవేళకి ఒడ్డున ఉన్నాం. రొయ్యల పొడి సంచి కూడా అమ్మ కారులో వెంట తెచ్చుకుంది. అమ్మని ఇసకలో చెరో రెక్క పట్టుకుని నడిపించాం. ఓడలో వైఫై ఉంది కాబట్టి ఖాలా డెక్కు మీదకి వచ్చి వీడియో కాల్ చేసింది. గాలికి దుపట్టా మొహానికి కొట్టుకుంటోంది.

"నేను కనబడుతున్నానా ఆపా? ఆ పక్కకే చెయ్యి ఊపుతున్నా."

"నీళ్లేనే. నీకు?"

"నాకూ నీళ్లే."

విల్సన్ దూరంగా నల్లటి చుక్కని చూపించి "అదేనండీ" అన్నాడు. అమ్మ దానివైపు చెయ్యి ఊపింది. అరచెయ్యి విప్పి, పైకెత్తి, నొప్పి పుట్టేదాకా ఊపింది. కాసేపటికి ఆ చుక్క ఒడ్డుకు తిరిగింది. చేపల బోటు. అమ్మ చెయ్యి దించుకుంది.

ఖాలా కమీజు చెయ్యి పైకి లాగి జబ్బ చూపించింది. వెలిసిపోయిన ఆకుపచ్చ గుడ్డ.

"నీ ఎదురుగా విప్పుదామని మళ్లీ కట్టుకున్నానే."

"విప్పు" అంది అమ్మ.

"బందరు రాలేదు కదా ఆపా."

"రావు సబా. నువ్వొచ్చేదాకా నేనుండను. నీ ఇల్లు అక్కడ, పిల్లలు అక్కడ. నువ్వెప్పుడో చేరావు. చేరినవాళ్లు దాన్ని ఉంచుకోకూడదు. విప్పెయ్యి."

ఖాలా ఒంటిచేత్తో ప్రయత్నించింది. ముడి రాలేదు. పళ్లతో లాగింది. ఏడుస్తూ లాగుతుంటే గుడ్డ చిరిగి రూపాయి అరచేతిలో పడింది. ఎప్పటిదో పెద్ద బిళ్ల.

"ఎవరికివ్వను ఇక్కడ? ఈ ఓడలో బీదవాళ్లెవరున్నారు?"

"నీ పేరు మీద నేనిస్తాలే" అంది అమ్మ. ఖాలా ఇంకేదో అంటుండగా బొమ్మ ఆగిపోయింది, గొంతూ ఆగిపోయింది. లైను మళ్లీ కలవలేదు.

తిరిగి వస్తూ అవనిగడ్డ బస్టాండు దగ్గర అమ్మ కారు ఆపించింది. గోడవార కూర్చున్న ముసలామెను పిలిచి చేతిలో రూపాయి పెట్టింది. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"దేనికమ్మా ఇది?"

"మా చెల్లెలు క్షేమంగా చేరింది."

"చల్లగా ఉండాలి తల్లీ. ఎక్కడికి చేరింది?"

అమ్మ అద్దం ఎక్కించుకుని, సంచిలోని రొయ్యల పొడి సీసా ఒళ్లోకి తీసుకుని పట్టుకుంది. కారు కదిలింది.