అల్లుడికి వచ్చిన సిస్టమ్

గ్రంథాలయం సర్వర్‌లో ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఉండాలో తేల్చడానికి మా కమిటీ కూర్చుంది. తేల్చేదేముంది? కార్యదర్శి నా బావమరిది. సర్వర్ చూసేది అతని అల్లుడు. అల్లుడికి వచ్చింది విండోస్. ఉన్నదేమో లైనక్స్.

ఆ లైనక్స్ పెట్టింది నా భార్య. పోయేదాకా ఆమే అక్కడ లైబ్రేరియన్. ఎవరూ నేర్పలేదు. చెడగొట్టుకుంటూ, తిట్టుకుంటూ తనే నేర్చుకుంది. పాఠకులు ఇంటి దగ్గరే కూర్చుని పుస్తకాలు వెతుక్కునే పేజీ ఆమె కట్టిందే. ప్రతి పుస్తకం కిందా, దాన్ని జనం ఏ మాటలతో అడిగారో ఆ మాటలే ఎక్కించేది. ‘నిద్రపోని పిల్లకి చదివి వినిపించేది.’ ‘అత్తగారి మీద ఒళ్లు మండినప్పుడు చదివేది.’ పుస్తకం పేరు తెలియని వాళ్లకు కూడా పుస్తకం దొరికేది.

“ఆ నల్ల తెర మీద కమాండ్లు కొట్టడం నావల్ల కాదు మామయ్యా” అన్నాడు అల్లుడు.

“నీవల్ల కాకపోతే చేతనైనవాణ్ణి పిలుద్దాం. నడుస్తున్నదాన్ని పీకడం దేనికి?”

“ఇంట్లో మనిషి ఉండగా బయటివాడెందుకు బావా?” అన్నాడు బావమరిది.

“ఇది మీ ఇల్లా?”

పక్కన కూర్చున్న పళ్ల డాక్టరు కిసుక్కున నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

“ఆవిడ రాసిన మాటలు పోతే?”

“ఎక్కడికీ పోవు మామయ్యా. కాపీ తీసి భద్రంగా పెట్టాను.”

అందరూ చేతులెత్తారు. నేను ఎత్తలేదు. నా చెయ్యి ఎవరికి కావాలి?

కొత్త సిస్టమ్ ఎక్కింది. పేజీ తెరిచి చూశాను. ఖాళీ. పుస్తకాల పేర్లు అట్టలు చూసి మళ్లీ కొట్టుకోవచ్చు. ఆ మాటలు ఏ అట్ట మీదా లేవు. సర్వర్ గదికి వెళ్లి అల్లుణ్ణి నిలదీశాను.

“కాపీ ఎక్కడ పెట్టావు నాయనా?”

“అందులోనే మామయ్యా. వేరే ఫోల్డర్‌లో.”

“డిస్కు మొత్తం తుడిచే కదా ఇది ఎక్కించావు?”

నాలుక కరుచుకున్నాడు.

“ఇంటికి నిప్పు పెడుతూ సామాను వంటింట్లోంచి పడగ్గదిలోకి మార్చావు. శభాష్.”

సాయంత్రం బావమరిది మా ఇంటికొచ్చాడు. కూర్చోమని నేను అనలేదు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

“మనసులో పెట్టుకోకు బావా. సర్వర్ గదికి అక్క పేరు పెడుతున్నాం. బోర్డు కూడా రాయించాను.”

“మీ అక్క చేసింది తుడిచేసి మీ అక్క పేరు రాస్తావా?”

“ఏదో పొరపాటు జరిగింది. అయినా అక్క అవన్నీ ఇంటికొచ్చి నీకు చెప్పేదిగా? గుర్తున్నవి చెప్పు, మావాడు ఎక్కిస్తాడు.”

నిజమే, చెప్పేది. అన్నం కలుపుకుంటూ ఎవరు ఏమడిగారో వాళ్ల గొంతుతోనే చెప్పి, తనే నవ్వేది. కంచంలో అన్నం చల్లారిపోయేది. ఇవాళ్టికీ చాలా గుర్తున్నాయి నాకు. ఆ అల్లుడి వేళ్ల కిందికి మాత్రం వాటిని పోనివ్వను.

“నాకేమీ గుర్తులేదు” అన్నాను.

“అబద్ధం బావా.”

“అవును.”

తలుపు వేసేశాను.

బోర్డు తగిలించిన రోజున స్టూలు లాక్కుని ఎక్కి, అందరి ముందూ దాన్ని ఊడబెరికాను. ఒక్కడూ అడ్డం రాలేదు. వస్తే బాగుండేది.