పోలిక చెడకూడదని

మా మరిది మంచివాడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, చివర్లో చెప్పే ఓపిక నాకు ఉండకపోవచ్చు.

మాది పంపులు తయారుచేసే కంపెనీ. నేను డిజైన్ విభాగంలో డ్రాయింగులు గీస్తాను. మా ఆయన కొనుగోళ్ల మేనేజరు. మరిది ఆఫీసు కంప్యూటర్లూ ఇంటర్నెట్టూ చూసుకుంటాడు. ముగ్గురం ఒకే కప్పు కింద పనిచేస్తామంటే చూసేవాళ్లకు ముచ్చటగా ఉండేది. "అదృష్టవంతురాలివి, పొద్దస్తమానం మీ ఆయన కళ్లముందే ఉంటాడు" అనేవాళ్లు. నేను నవ్వి ఊరుకునేదాన్ని.

ఇంట్లో సంగతి ఇదీ. మా ఆయన రోజూ భోజనానికి కూర్చోగానే నా ఫోన్ తీసుకుంటాడు. ఒక చేత్తో తింటూ రెండో చేత్తో అందులో ఉన్నవన్నీ తిరగేస్తాడు. నచ్చనిది ఏదైనా కంటపడితే కంచం పక్కకు జరుగుతుంది. ఆ తర్వాత ఏం జరుగుతుందో గోడలకు తెలుసు, నాకు తెలుసు. అందుకని నా బతుకు గురించి నేను ఏదైనా తెలుసుకోవాలంటే ఆఫీసు కంప్యూటరే దిక్కు. విడాకులకు ఏం కావాలి, ఆడవాళ్ల హాస్టల్ ఎక్కడుంది, అన్నీ పంపుల డ్రాయింగుల చాటునే చదువుకున్నాను.

ఆ మధ్య మా డ్రాయింగు ఒకటి పోటీ కంపెనీ చేతిలో పడింది. డైరెక్టర్ గగ్గోలు పెట్టి, ఆఫీసు ఇంటర్నెట్‌కు గట్టి కాపలా ఉండాల్సిందేనన్నాడు. మరిది రెండు క్లౌడ్ సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్లు తెప్పించి, ఏది మేలో తేల్చే పనిలో పడ్డాడు. ఓ రోజు నా సీటు దగ్గరికి వచ్చి నాకు అర్థమయ్యేలా చెప్పాడు.

"ఇప్పుడు మనం నెట్‌లో ఏం తెరిచినా నేరుగా బయటికి పోతోంది కదా వదినా. ఇకమీదట ముందు వీళ్ల కంప్యూటర్ల దగ్గరికెళ్తుంది. వాళ్లు సోదా చేసి వదుల్తారు. చెక్‌పోస్టు అనుకో."

"ఎవరేం చూస్తున్నారో కూడా తెలిసిపోతుందా?"

"పేర్లు కనపడవు. మనిషికో నంబరుంటుంది, అంతే. చెడ్డ సైటయితే ఆపేస్తుంది, లేకపోతే పోనిస్తుంది. అయినా నీకేం భయం, నువ్వు చూసేదంతా పంపులేగా!"

నవ్వాడు, నేనూ నవ్వాను. వదిన ఏమీ అనుకోదులే అని, పరీక్షకు ఎంచుకున్న కొద్దిమందిలో నన్నూ కలిపేశాడు.

అతను చెప్పింది ఒకటోదాని సంగతి. దాన్ని తీసేసి రెండోది ఎప్పుడు పెట్టాడో మాత్రం ఎవ్వరికీ చెప్పలేదు. చెబితే జనం జాగ్రత్తపడతారట, పోలిక చెడుతుందట. ఏదైనా ఆపినప్పుడు తెర మీద రావాల్సిన హెచ్చరికను కూడా అందుకే రాకుండా చేశాడు. సొంత వదినకు చెప్పినా పక్షపాతమే అనుకున్నాడు. వాళ్ల వృత్తిలో దాన్ని నిజాయితీ అంటారు. ఆ నిజాయితీ మండిపోను!

సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఆయన నా గొంతు పట్టుకున్నాడు. కారణం చెప్పను. చెబితే, అదా సంగతి అని తలూపేవాళ్లు ఉంటారు. మర్నాడు పొద్దున స్నానాల గదిలో అద్దం ముందు నిలబడి ఫొటోలు తీసుకున్నాను. నాలుగు వేళ్లు ఒక పక్క, బొటనవేలు ఇంకో పక్క, అచ్చు గుద్దినట్టు ఉన్నాయి. మెడదాకా గుండీలు పెట్టుకుని ఆఫీసుకు వెళ్లి, ఫొటోలను కేబుల్‌తో కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఫోన్‌లోంచి చెరిపేశాను.

పక్క సీటావిడ ఫోన్ అడిగి తీసుకుని, నెట్‌లో వెతికి పెట్టుకున్న ఒక లాయరమ్మతో మాట్లాడాను. గొంతు కరుకు గానీ మాట సూటి.

"నోటిమాటతో కేసు నిలబడదమ్మా. ఆయన వచ్చి జారిపడిందంటాడు, నువ్వేం చేస్తావు? ఆ ఫొటోలు నాకు పంపు. అవి అందిన రోజే వచ్చి నిన్ను తీసుకెళ్లి హాస్టల్లో దింపి, కేసు వేస్తా. మళ్లీ మళ్లీ ఫోన్లు చెయ్యకు, అనుమానమొస్తుంది. నేనే ఈ నంబరుకు కబురు పెడతా."

ఆమె వెబ్‌సైట్‌లో ఫైళ్లు పంపే చోటు ఉంది. ఫొటోలు పెట్టి నొక్కాను. చక్రం కాసేపు తిరిగి, పేజీ తెల్లబడింది. వెళ్లిపోయాయి అనుకుని కంప్యూటర్‌లోంచి కూడా ఆనవాలు లేకుండా తీసేశాను. జాగ్రత్తగల దాన్ని కదా. ఆ రోజు నుంచి పక్క సీటులో ఫోన్ మోగితే చాలు, ప్రాణం లేచొచ్చేది. మెడ మీది మచ్చలు నల్లబడి, పసుపు తిరిగి, పూర్తిగా పోయాయి. కబురు మాత్రం రాలేదు. నాలాంటి వాళ్లు ఆమెకు వందమంది, నన్నెందుకు తలుచుకుంటుంది అని ఆమెనే తిట్టుకున్నాను.

పోలిక ఫలితాలు చెప్పే మీటింగుకు నన్నూ పిలిచారు, పెద్ద డ్రాయింగులు పంపేటప్పుడు ఏది నెమ్మదిగా ఉందో చెప్పమని. డైరెక్టర్, మా ఆయన, మిగతా మేనేజర్లు బల్ల చుట్టూ కూర్చున్నారు. మరిది కొత్త చొక్కా వేసుకుని గోడ మీది తెర పక్కన నిలబడ్డాడు.

"హెచ్చరికలు ఆపడం తప్ప రెండింటినీ వచ్చినవి వచ్చినట్టే వాడాను సార్. సెట్టింగుల్లో దేనికీ మేలు చెయ్యలేదు" అని మొదలుపెట్టాడు. ముందు ఒకటోది చూపించాడు. తెర నిండా నంబర్లే.

"పేర్లు లేకపోతే దొంగనెలా పట్టుకుంటాం?" అన్నాడు మా ఆయన.

"రెండోదాంట్లో ఉంటాయి సార్." ఆఫీసులో అన్నను సార్ అనే పిలుస్తాడు. "పైగా ఇది లోపలున్నదంతా తెరిచి చదువుతుంది. అనుమానమొస్తే బయటికెళ్లే ఫైలు ఆపేసి, రుజువు కోసం ఒక కాపీ దాచిపెడుతుంది. ఇదిగో, ఆపినవాటిలో ఒకటి చూపిస్తా, నేనూ ముందుగా తెరవలేదు."

తెర మారింది. అన్నిటికన్నా పైన ఎర్రటి వరుసలో నా పేరు ఉంది. మరిది తెరవైపు చూడటం లేదు, డైరెక్టర్ మొహం చూస్తూ ఉత్సాహంగా మాట్లాడుతున్నాడు. ఆగమని చెయ్యెత్తేలోపే అతను నొక్కేశాడు.

నా గొంతు గోడంత అయింది. వేళ్ల అచ్చులు ఒక్కోటి మూరెడు పొడవున, ఎర్రగా, స్పష్టంగా కనిపించాయి. కింద లాయరమ్మ వెబ్‌సైటు పేరు, పక్కన 'ఆపబడింది' అన్న మాట.

మరిది వెనక్కి తిరిగి చూసి కొయ్యబారిపోయాడు. మేనేజర్లు తమ ముందున్న నీళ్ల సీసాలను చూసుకోసాగారు. నేను మా ఆయన చేతులకేసి చూశాను. అవి బల్ల మీద కదలకుండా ఉన్నాయి.

డైరెక్టర్ దగ్గి, "ఒకటోది దీన్ని పట్టుకునేదా?" అన్నాడు.

"పట్టుకునేది కాదు సార్" అన్నాడు మరిది, వినీ వినపడనట్టు.

మా ఆయన చిన్నగా నవ్వాడు. "చూశారా సార్, నా భార్యని కూడా వదల్లేదు. ఆఫీసు నెట్‌లో సొంత పనులు పెట్టుకుంటే ఇంతే. ఇదే తీసుకుందాం."

హమ్మయ్య అన్నట్టు అందరూ తలలూపారు. డ్రాయింగులు నెమ్మదిగా వెళ్తున్నాయా అని నన్నెవరూ అడగలేదు. మా ఆయన లేస్తూ నా కుర్చీ మీద చెయ్యి వేసి, "మనిద్దరికీ ఇవాళ్టికి సెలవు పెట్టాను. కింద కారు దగ్గరుంటా, బ్యాగు తీసుకురా" అని వెళ్లిపోయాడు. అంత మెత్తగా మాట్లాడాడంటే ఇంటికెళ్లాక ఏం జరుగుతుందో నాకు తెలుసు.

భయంలోనూ బుర్ర మాత్రం పనిచేస్తోంది. ఫొటోలు లాయరమ్మకు చేరనే లేదు. పాపం, ఆమె నా కోసం చూస్తూ ఉండి ఉంటుంది. కానీ ఆ దిక్కుమాలిన సాఫ్ట్‌వేర్ కాపీ దాచింది! అది చేతికొస్తే కారు దగ్గరికి కాదు, వెనక మెట్లమీదుగా నేరుగా ఆమె ఆఫీసుకే వెళ్తాను. ఎన్నాళ్లకో నాకు సంతోషం లాంటిది కలిగింది. పరుగులాంటి నడకతో మరిది గదికి వెళ్లాను.

అతను కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. కళ్లు ఎర్రబడ్డాయి.

"వదినా, నాకు తెలీదు, ఒట్టు. అన్నయ్య ఇలాంటోడని కల్లో కూడా అనుకోలేదు. నేను మాట్లాడతాను అన్నయ్యతో."

"మాటలు తర్వాత. ఆ ఫొటోలు నాకివ్వు, తొందరగా."

అతను నా చెయ్యి పట్టుకున్నాడు. చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

"నువ్వేం కంగారుపడకు వదినా. ఇంకెవడూ నిన్నలా చూడకూడదు. రాగానే చేసిన పని అదే. మొత్తం చెరిపేశాను. ఆ సాఫ్ట్‌వేర్ వాళ్ల దగ్గరున్న కాపీ కూడా పోయింది, మన కంపెనీవాళ్లే అడిగినా ఇక తిరిగి రాదు."

నేను అతని పక్కనున్న స్టూలు మీద కూర్చుండిపోయాను. తిట్టాలనుంది, కొట్టాలనుంది, ఏదీ చేతకాలేదు. చెయ్యి దానంతటదే మెడ మీదికి వెళ్లింది. చర్మం నున్నగా ఉంది.

"ఏమైంది వదినా? మంచి పనే కదా చేశాను?"

"లాయరమ్మకు కావాల్సింది అవేరా. ఇంకెక్కడా లేవు."

అతనికి అప్పుడు అర్థమైంది. "మళ్లీ తీసుకోవచ్చు కదా..." అనబోయి, నా మెడ చూసి ఆగిపోయాడు.

"తీసుకోవచ్చు" అన్నాను. "ఈ రాత్రి గడిచాక."