కంప్యూటర్ గది తాళం

నేను ఒక తాళాన్ని. ఏడు లివర్ల ఇత్తడి తాళాన్ని. అలీగఢ్‌లో ఒక ముసలి పనివాడు నన్ను ఆకురాయితో రుద్ది రుద్ది, చివరికి రెండుసార్లు బలంగా లాగి చూసి, నవ్వుకుని అట్టపెట్టెలో పెట్టాడు. లాగినా ఊడిరాకపోవడమే గొప్పతనమని ఆ రోజే నాకు తలకెక్కింది.

మొదటి కొలువు సిద్దిపేట దగ్గర ఒక ఎరువుల దుకాణంలో. యజమాని నన్ను వేసి, మూడుసార్లు లాగి, వీధి మలుపు దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చి ఇంకోసారి లాగేవాడు. తాళం కొనుక్కున్నాక కూడా మనుషులకు నమ్మకం ఎందుకు కుదరదో నాకు అంతుపట్టలేదు. దుకాణం ఎత్తేసినప్పుడు నన్ను పక్కనున్న హైస్కూలుకు ఇచ్చేశాడు.

అప్పటికి బడికి పది కంప్యూటర్లు వచ్చి మూడు నెలలు. హెడ్మాస్టర్ విఠల్ సార్ మంచివారే గానీ, మెమో అన్న మాట వింటే ఆయనకు చలిజ్వరం వస్తుంది. ఒక కంప్యూటర్ ఏదో నంబరు చెప్పమని మొరాయించింది. ఆ నంబరున్న సీడీ పట్నంలో ఉంది. సీడీ పట్టుకుని మనిషి రావడానికి నాలుగు నెలలు పట్టింది, కంప్యూటర్ ఎందుకు చెడిందో చెప్పమని పైనుంచి మెమో మాత్రం నాలుగు రోజుల్లో వచ్చింది. ముట్టుకోనిది చెడిపోదని సార్ తేల్చుకుని గదికి నన్ను తగిలించారు. తాళంచెవి ఆయన ప్యాంటు జేబులోకి పోయింది.

మూడేళ్లు దర్జాగా వేలాడాను. లోపల కంప్యూటర్లు దుప్పట్లు కప్పుకుని ఉండేవి. దసరా సెలవులకు ముందు ఆయుధపూజ చేసి నాకూ బొట్టు పెట్టేవాళ్లు. పిల్లలు గడప అవతలి నుంచే దండం పెట్టి వెళ్లిపోయేవాళ్లు. పరీక్షలో మౌస్ బొమ్మ గీసినందుకు అందరికీ మంచి మార్కులే వచ్చేవి. మౌస్‌ను చేత్తో పట్టుకున్నవాళ్లు ఒక్కరూ లేరు.

ఇంతలో సైన్సు టీచర్ సుభద్ర బదిలీ మీద వచ్చారు. ఆమె దగ్గరొక పెన్‌డ్రైవ్, అందులో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. దాన్ని తయారుచేసినవాళ్లు లోపలి రాతంతా అందరి ముందూ పెట్టేశారట. ఎవరైనా చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఎన్ని కంప్యూటర్లకైనా ఎక్కించుకోవచ్చు, ఏ నంబరూ అడగదు. వింటుంటే నాకు ఒళ్లు మండిపోయింది. గుట్టంతా వీధిలో పెట్టేస్తే నాలాంటివాళ్లు ఎలా బతకాలి?

సార్ కూడా ఒప్పుకోలేదు.

"ఉత్తగ ఇచ్చినదానికి రేపు ఏమన్నయితే ఎవర్ని అడగాలె, టీచరమ్మా?"

"ఎవర్ని అడుగుడు లేదు సార్. పిల్లలే బాగుజేసుకుంటరు."

రేపు ఉద్యోగాల్లో వేరే సాఫ్ట్‌వేర్ ఉంటుంది కదా అని ఆయన ఇంకో మెలిక పెట్టారు. దీనికి చెయ్యి అలవాటైతే దాన్ని పది రోజుల్లో పట్టేస్తారని ఆమె చెప్పారు. చివరికి సార్ ఒక షరతు పెట్టారు. అన్ని కంప్యూటర్లకూ దాన్ని ఎక్కించి, శనివారం దాకా గది తెరిచి ఉంచుతారు. ఈలోగా ఏదైనా చెడిపోయి, పిల్లలు దాన్ని ఒక్క పీరియడ్‌లో బాగుచేసుకోలేకపోతే తాళం మళ్లీ పడుతుంది, ఇక ఆ మాట ఎత్తకూడదు.

దాచడమెందుకు, చెడిపోవాలనే నేను కోరుకున్నాను.

శుక్రవారం దాకా ఏమీ కాలేదు. శనివారం చివరి పీరియడ్ మొదలవగానే సార్ నన్ను చేతిలో పట్టుకునే వచ్చారు. అంతా చూసి, తృప్తిగా తల ఊపి, వెళ్తూ వెళ్తూ గుమ్మం పక్కనున్న మెయిన్ స్విచ్ కట్టేశారు. ఏ గది నుంచి బయటికొచ్చినా స్విచ్ కట్టడం ఆయనకు ముప్పై ఏళ్ల అలవాటు. లోపల పిల్లలున్నారన్న ధ్యాసే లేదు. గగ్గోలు విని మళ్లీ వేస్తే తొమ్మిది కంప్యూటర్లు లేచాయి. తొమ్మిదో తరగతి రజిత కంప్యూటర్‌లో అప్పుడే కొత్త ఫైళ్లు ఎక్కుతున్నాయి. అది లేవలేదు. ఎవరు చెడగొడితే అన్నది షరతులో లేదు మరి.

సార్ అరచెయ్యి చెమట పట్టి నేను జారిపోబోయాను. "నా చేతుల్తోనే ఖరాబు జేసిన" అని గొణిగారు.

రజిత ఆయనకు బెంచీ చూపించింది. "కూసోండ్రి సార్. మళ్ల ఎక్కిస్తం. గంట గొట్టేలోపే అయితది."

పెన్‌డ్రైవ్ పెట్టారు. ఒకసారి తప్పు మీట నొక్కి మళ్లీ మొదటికొచ్చారు. ఎవరూ ఎవర్నీ తిట్టలేదు. గంటకు ఇంకా ఏడు నిమిషాలుండగానే తెర నీలంగా వెలిగి కంప్యూటర్ లేచింది. చెడిపోయినదాన్ని చూసి భయపడని మనుషుల్ని నేను చూడటం అదే మొదటిసారి. నాకు సంతోషం వేసింది. తాళానికి తగని పనే, అయినా వేసింది.

సార్ లేచి కీబోర్డు ముందు కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ తెలుగులో తన పేరు కొట్టుకున్నారు. 'ఠ' దొరకక రజితను అడిగారు. ఆ మురిపెంలో నన్ను తగిలించడం మరిచి జేబులో వేసుకుని ఇంటికి వెళ్లిపోయారు.

సోమవారం సుభద్ర టీచర్ సార్‌ని అడిగి నన్ను తీసుకుని, అదే గదిలో దారం కట్టి వేలాడదీశారు. లోలకం పాఠానికి నా బరువు సరిగ్గా సరిపోయిందట. నేను ఊగుతుంటే పిల్లలు తామే రాసుకున్న ప్రోగ్రాంతో నా ఊపులు కొలుస్తారు. ఈ వయసులో ఉయ్యాల యోగం పట్టింది నాకు.

సాయంత్రం సార్ ఒకసారి వచ్చి చూస్తారు. వెళ్తూ ఉంటే చెయ్యి దానంతటదే స్విచ్ మీదికి పోతుంది. అక్కడ ఆగుతుంది.

"ఎవరన్న పనిల ఉన్నరా?"

"ఉన్నం సార్."

ఆ చెయ్యి జేబులో పెట్టుకుని ఆయన వెళ్లిపోతారు. నా తాళంచెవి ఇంకా ఆ జేబులోనే ఉంది, ఊరికే.