చెట్టు మీది గీతలు

గది ముందుకు జీపు వచ్చేసిందని ఓంప్రకాశ్ కేకలేస్తుంటే సుభాషిణి వేడి పులిహోర మీదే డబ్బా మూత బిగించింది. ప్రతి ఎండాకాలం సుబేదారిలోని ఇంటికి తాళం వేసి అతను కెమెరాతో అడవులకు బయలుదేరతాడు. బయటి తిండి పడదు కాబట్టి భార్య వెంట రావలసిందే. కాన్హా వెళ్ళింది, పెంచ్ వెళ్ళింది. రెండుచోట్లా గది, కరెంటు కుక్కరే చూసింది. "నీకు ఫోటోల సంగతి తెల్వది, సీటు వేస్టయితది" అనేవాడు. ఆ సీటులో స్నేహితుడు మధు కూర్చునేవాడు. ఈసారి మధుకు సెలవు దొరకక, తాడోబా అడవి పర్మిట్‌లో ఆమె పేరు ఎక్కింది.

ఆకులు రాలిన అడవిలో ఇంత దూరం కనిపిస్తుందని ఆమెకెవరూ చెప్పలేదు. గైడు శారద సిరోంచ అమ్మాయి, తెలుగు మాట్లాడుతుంది.

"గా చెట్టు మీద గీతలేంది, శారదా?"

"ఎలుగుబంటి గోళ్ళక్కా. తేనె కోసం ఎక్కింది."

"పక్కన సన్నటియి గూడ ఉన్నయి. పిల్లదా?"

శారద జీపు ఆపించింది. "మంచిగ చూసినవక్కా! ఇన్నేండ్ల నుంచి ఈ తొవ్వల తిరుగుతున్న, గిది ఎవ్వరడగలే."

"జర సప్పుడు చెయ్యకు. నీ మాటలకు పులి రాదు" అన్నాడు ఓంప్రకాశ్, నీళ్ళు తాగడానికి కెమెరా ఆమె చేతికిస్తూ. సుభాషిణి అందులోంచి చూసింది. గీతలు కళ్ళముందుకొచ్చాయి. ఒక్కసారి నొక్కింది. దొంగతనం చేసినట్టు కెమెరా వెంటనే తిరిగిచ్చేసింది.

పులి కనిపించలేదు. మధ్యాహ్నం గదిలో అతను ఫోటోలు తిప్పుతూ ఆగాడు. "ఇదేంది, ఉత్త చెట్టు! మెమరీ కార్డుల జాగ ఖరాబ్ చేసినవ్." బొటనవేలు కదిలింది. ఫోటో పోయింది. ఇరవై రెండేళ్లలో తను అడిగినవి ఎన్ని ఇలాగే పోయాయో! చందమామ పగలెందుకు కనబడుతుందని పెళ్ళయిన కొత్తలో అడిగితే, "గదంత నీకెందుకు" అన్నాడు. అత్తమ్మ నవ్వింది. ఆ తర్వాత అడగడం మానేసింది, కానీ ఆలోచన మానలేదు. ఇప్పుడూ అదే ఆలోచన. ఆ పిల్ల ఎలుగు దిగేటప్పుడు తల కిందికి పెట్టి దిగిందా, వెనక్కి వెనక్కి దిగిందా?

అంతలో సంచీతో మధు దిగాడు. సెలవు దొరికిందట.

"సాయంత్రం జీపుల మధు వస్తడు. గేటుకాడ నేను మాట్లాడుత. నువ్వు కోడికూర చెయ్యి" అన్నాడు ఓంప్రకాశ్.

"పర్మిట్ల నా పేరుంది. నేనే పోత."

"మళ్ల చెట్లు చూడనీకా?"

"ఔ. పొద్దుగాల సగమే చూసిన."

మధు నేలకేసి చూశాడు. "మీరే పోండ్రి వదినె."

"మరి కూర?" అన్నాడు ఓంప్రకాశ్.

సుభాషిణి మంచం మీది కెమెరా తీసి మెడలో వేసుకుంది.

"నా ఫోటో తీసేసి కార్డుల జాగ చేసిన్రు గద" అంటూ బయటికి నడిచింది.