మామగారి బాణం, అల్లుడుగారి మైనస్

మూడో వరస కరెంటు తినడం మానేసి, తిరిగి ఇవ్వడం మొదలుపెట్టింది. తెర మీద అలాగే ఉంది మరి. మైనస్ నలభై కిలోవాట్లట! అక్కడున్నవి పగలూ రాత్రీ కరెంటు మింగే కంప్యూటర్లు. అవి పిసరంత కూడా వెనక్కి ఇచ్చే రకం కాదని చిట్టికి బాగా తెలుసు.

చిట్టి అనేది ఇంటి పిలుపు. ఈ డేటా సెంటర్‌లో ఆమె రెండో హాలుకు ఇన్‌చార్జి. మొట్టమొదటిసారి తన చేతికి వచ్చిన హాలు ఇది. సగం వరసలు నిండాయి. మిగతా సగం ఒక పెద్ద కంపెనీ తీసుకుంటానంది. వాళ్ళ తనిఖీ అధికారి మధ్యాహ్నం వస్తున్నాడు. ఆయన చూసేదల్లా ఒకటే: హాలుకు వస్తున్న కరెంటుకూ, వరసలన్నీ కలిపి తింటున్న కరెంటుకూ లెక్క కుదురుతోందా లేదా అని. అటు నుంచి రెండు వందలు వస్తున్నాయి. ఇటు తెర మీద మొత్తం నూట ఇరవై దగ్గర చతికిలబడింది. ఇది చూస్తే ఆయన కుర్చీలో కూడా కూర్చోడు. ఆయన వెళ్ళిపోతే హాలు ఇంకొకరి చేతికి పోతుందని పై అధికారి నిన్ననే నవ్వుతూ చెప్పేశాడు. నవ్వుతూ చెప్పాడు కదా అని మాట మెత్తనవుతుందా!

సరే, ఎవరిని నిలదీయాలి? ఇక్కడే వచ్చింది చిక్కు. ప్యానెళ్ళలో తీగలూ మీటర్లూ బిగించిన ఫోర్‌మన్ ఆమె కన్నతండ్రి. ఆ మీటర్ల అంకెలను తెర మీదకు తెచ్చే సాఫ్ట్‌వేర్ చూసేవాడు ఆమె కట్టుకున్న మొగుడు.

ఇద్దరూ బంగారంలాంటి మనుషులే, అదే అసలు తంటా. అందరూ ఒకే ఇంట్లో ఉంటున్నా, పెళ్ళయి రెండేళ్ళయినా, మామా అల్లుళ్ళ మధ్య మర్యాద ఇంకా కొత్తబట్టలా గరగరలాడుతూనే ఉంది. "మీరు చూడండి మామగారూ", "అబ్బే, మీరే చూడండి అల్లుడుగారూ" అంటూ టీవీ రిమోట్ చేతులు మారీ మారీ, చివరికి ఇద్దరికీ అక్కర్లేని ఛానెల్ దగ్గర ఆగుతుంది. మొహమాటానికి పోతే కడుపయిందనే సామెత ఊరికే పుట్టలేదు.

చిట్టి ముందు తండ్రి దగ్గరకు వెళ్ళింది. ఆయన పనిముట్ల గదిలో ఉన్నాడు. ఆఫీసులో కూతుర్ని ఆయన మేడమ్ అనే పిలుస్తాడు, ఎంత చెప్పినా వినడు.

"నాన్నా, మూడో వరస ప్యానెల్ ఎవరైనా కదిపారా?"

"నిన్న సాయంత్రం నేనే స్క్రూలు బిగించాను మేడమ్. అంతే."

"అంతేనా?"

"అంతే. అల్లుడుగారి సాఫ్ట్‌వేర్‌లో మాత్రం ఏ లోపమూ ఉండదు, కావాలంటే రాసిస్తాను."

సాఫ్ట్‌వేర్ ఊసు ఆమె ఎత్తనే లేదు. చిట్టి కనుబొమ్మ పైకి లేచింది. అక్కడి నుంచి మొగుడి బల్ల దగ్గరకు వెళ్ళింది. ఆమెను చూడగానే అతను తేలు కుట్టిన దొంగలా ముఖం పెట్టాడు.

"చిన్నదే చిట్టీ. అరగంటలో సర్దేస్తాను."

"మీటర్లో తేడా ఏమైనా ఉందా?"

"ఛ, మామగారి పనికి వంక పెట్టేదేముంటుంది. నా వైపే ఏదో అయ్యుంటుంది."

ఒకరిని ఒకరు వెనకేసుకొస్తున్నారు కానీ ఒక్కరూ విషయం చెప్పడం లేదు. చిట్టికి ఒళ్ళు మండింది. "నేను తిరిగి వచ్చేసరికి సరిగ్గా ఉండాలి" అని ఇద్దరికీ ఫోన్‌లో గట్టిగా చెప్పి, తనిఖీ అధికారికి పాస్ రాయించడానికి గేటు దగ్గరకు వెళ్ళింది.

తిరిగి వచ్చి చూస్తే ఏముంది, మైనస్ నలభై. ఇద్దరు పనిమంతులు అరగంట కష్టపడితే తేలింది ఇదా అనుకుంటూ, చిట్టి కూర్చుని ఆ అరగంట గ్రాఫు తెరిచింది.

కింద పాకుతున్న గీత ఒక్కసారి ప్లస్ నలభైకి లేచి, కాసేపు అక్కడ కూర్చుని, దబ్బున కింద పడింది. ఇంకొంచెం ఆగి మళ్ళీ లేచింది, మళ్ళీ పడింది. రెండు గుట్టలు. ఆమె వాటినే చూస్తూ కూర్చుంది. యంత్రాలకు ఇన్ని వేషాలు రావు. పాడైతే పాడవుతాయి, బాగుంటే బాగుంటాయి. ఎవరో సరిచేస్తున్నారు, ఇంకెవరో ఆ సరిచేసినదాన్ని మళ్ళీ సరిచేస్తున్నారు. ఆ ఇద్దరూ ఎవరో తెలుసుకోవడానికి ఆమె బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేకపోయింది.

హాల్లోకి పరిగెత్తింది. మూడో వరస ప్యానెల్ తలుపు బార్లా తెరిచి ఉంది. తండ్రి రబ్బరు గ్లవ్స్ తొడుక్కుని, తీగ చుట్టూ ఉన్న, కరెంటు కొలిచే క్లాంపు మీద చెయ్యి వేయబోతున్నాడు.

"నాన్నా, ఆగు. ఆ చేతులు కిందికి దించు." ఆమె ఫోన్ తీసి మొగుడికి కలిపి స్పీకర్ పెట్టింది. "నువ్వు కూడా. ఆ మౌస్ వదిలేసి ఇక్కడికి రా."

అతను వచ్చాడు. ఇద్దరూ తలలు దించుకుని నిలబడ్డారు. ఒక్కో ముక్కా లాగితే కథంతా బయటపడింది.

ప్రతి క్లాంపు మీదా ఒక బాణం గుర్తు ఉంటుంది. కరెంటు ఎటు పోతుందో బాణం అటే ఉండాలి, లేదంటే మీటరు మైనస్ చూపిస్తుంది. మిగతా ప్యానెళ్ళకు కేబుల్ పైనుంచి దిగుతుంది, ఈ ఒక్కదానికి మాత్రం కిందనుంచి వస్తుంది. నెల క్రితం బిగించినప్పుడు ఆయన అలవాటుగా దీనికి కూడా బాణాలను కిందికే పెట్టాడు. ఆ రోజే తెర మీద మైనస్ కనిపించింది. మామగారికి తప్పు చూపించడానికి నోరు రాక, అల్లుడు సాఫ్ట్‌వేర్‌లో ఇంకో మైనస్ పెట్టి లెక్క సరిచేశాడు. నెలంతా ఏ గొడవా లేదు. నిన్న స్క్రూలు బిగిస్తూ ఆయన బాణాలు చూసుకున్నాడు, సిగ్గుపడ్డాడు, ఎవరికీ చెప్పకుండా తిప్పి పెట్టాడు. సాఫ్ట్‌వేర్‌లో అల్లుడు పెట్టిన మైనస్ మాత్రం అలాగే ఉండిపోయింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

ఇవాళ కూతురు గద్దించేసరికి, తాను వేలు పెట్టినందుకే ఇలా అయిందని ఆయన బాణాలను పాత తప్పుకే తిప్పాడు. సరిగ్గా అప్పుడే అల్లుడు తన మైనస్ తీసేశాడు. ఆ మార్పు తెరకెక్కడానికి పట్టిన కాసేపే ఆ మొదటి గుట్ట. అయ్యో, ఇంకా మైనసే అనుకుని ఇద్దరూ మళ్ళీ మొదలుపెట్టారు: ఆయన బాణాలు సరిగ్గా తిప్పాడు, ఇతను తీసేసిన మైనస్ మళ్ళీ పెట్టాడు. ఇరుకు సందులో ఎదురుపడి, ఇద్దరూ ఒకే పక్కకు తప్పుకున్నట్టు.

"ఇప్పుడు బాణాలు ఎటున్నాయి?"

"సరిగ్గానే ఉన్నాయి మేడమ్. ఒక్కసారి తిప్పి..."

"తిప్పొద్దు. నువ్వు ఏమీ చెయ్యకు నాన్నా, అదే నీ పని." ఆమె ఆయన గ్లవ్స్ లాక్కుని తన చంకలో పెట్టుకుంది. మొగుడి వైపు తిరిగింది. "నువ్వు వెళ్ళి ఆ మైనస్ తీసెయ్."

అతను వెళ్ళాడు. ఏమీ చెయ్యకుండా నిలబడటం ఆ పెద్దాయనకు మహా కష్టమైంది. కాసేపటికి మూడో వరస ప్లస్ నలభై అయింది, మొత్తం రెండు వందలకు చేరింది. చిట్టికి ఊపిరి ఆడింది.

తనిఖీ అధికారి సన్నగా, పొడుగ్గా, ఒక్క మాట కూడా ఎక్కువ మాట్లాడని మనిషి. అంకెలు చూశాడు, తలూపాడు. చిట్టి గుండె కుదుటపడేలోపే గ్రాఫును ఉదయం దాకా వెనక్కి జరిపాడు.

"ఈ రెండు గుట్టలేంటి?"

ఏదో పరీక్ష చేశామని చెబితే గడిచిపోతుంది. కానీ ఆమెకు అలా అనబుద్ధి కాలేదు. ఈలోపు తండ్రి ముందుకొచ్చాడు.

"తప్పు నాదండీ."

"కాదండీ, నాది" అన్నాడు మొగుడు.

"అల్లుడుగారు ఊరికే అంటున్నారండీ."

"మామగారి తప్పేమీ లేదండీ."

అధికారి పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాడు. "ఇలా ఒకరినొకరు కాపాడుకుంటూ ఉంటే, రేపు మా మిషన్లకు ఏమైనా అయితే నిజం ఎవరు చెప్తారు?"

చిట్టి పని అయిపోయినట్టే. ఆమె మొగుడి వైపు చూసింది. "చెప్పు. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

అతను అధికారి వైపు తిరిగాడు. "బాణాలు తిరగేసి పెట్టింది మామగారేనండీ. కేబుల్ కిందనుంచి వస్తోందని చూసుకోలేదు."

పెద్దాయన ముఖం కందగడ్డయింది. తలకొట్టేసినట్టయిందేమో అనుకుని చిట్టి ఒక అడుగు ముందుకేసింది.

"నేను తిరగేస్తే మరి నువ్వేం చేశావురా అబ్బాయ్?" అన్నాడాయన. "నోరు పెగల్లేదా? నెల రోజులు నా తప్పు మీద దుప్పటి కప్పి కూర్చుంటావా? అదే నేను ప్యానెల్లో చెయ్యి పెట్టిన రోజున మీటరు అబద్ధం చెప్తే ఏమయ్యేది? నీదే పెద్ద తప్పు."

"మీరు మాత్రం చెప్పి తిప్పారా? దొంగచాటుగా తిప్పారు."

"నీ దగ్గర నేర్చుకున్నానురా."

అల్లుడు తెల్లబోయి చూశాడు. రెండేళ్ళలో ఆయన అతన్ని 'రా' అనడం ఇదే మొదలు. ఆపైన అతనికి నవ్వాగలేదు. నవ్వుతూనే, కేబుల్ ఎటు నుంచి వస్తుందో ప్యానెల్ తలుపు మీద రాసి అతికించమని మామను దబాయించాడు. అది రాయాల్సింది డ్రాయింగు గీసినవాళ్ళని మామ ఎదురు దబాయించాడు. తిలా పాపం తలా పిడికెడు అని పంచుకునే ఓపిక ఇద్దరికీ పోయింది.

అధికారి వాళ్ళను కాసేపు చూశాడు. మూసిన పెన్ను మళ్ళీ తీశాడు.

"వీళ్ళిద్దరూ రోజూ ఇలాగే ఉంటారా?"

"ఇవాళే మొదలుపెట్టారండీ" అంది చిట్టి.

"మాననివ్వకండి" అంటూ ఆయన సంతకం చేశాడు.

ఆమెకు ఎంత సంతోషం వేసిందంటే, కాగితం అందుకోవడం కూడా మరిచిపోయింది. ఆయనే ఆమె చేతిలో పెట్టి వెళ్ళాడు. అవతల వాళ్ళిద్దరూ ప్యానెల్ తలుపు తెరిచి, బాణం చూపించుకుంటూ, ఒకరి మాట మీద ఒకరు పడి వాదించుకుంటున్నారు. పై అధికారి ఫోన్ చేసి హాల్లో ఏంటా గోల అని అడిగాడు. మా నాన్నా మా ఆయనా మాట్లాడుకుంటున్నారని చిట్టి చెప్పింది.